బత్తాయి తోటల విరిగిన పుల్ల లాంటి పురుగు: పేరు తెలుసుకోనీకి నాకు పట్టిన 24 రోజులు

ఆగస్టు 3, ఆదివారం పొద్దున మా నాయిన ఫోన్ చేసి "బిడ్డా, కాయ రాలుతుంది, ఒకసారి వచ్చిపో" అన్నడు. మాది గుర్రంపోడు మండలం, మూడెకరాల బత్తాయి, 300 పైన చెట్లు, అప్పుడు సీజన్ కాయ మీద ఉన్నయ్. నేను, మా ఆయన నల్లగొండల జిరాక్స్ షాపు నడుపుతం, ఆదివారం బంద్ కాబట్టి బండి మీద పోయినం. పోయేసరికి నాయిన రాలిన కాయలన్నీ తట్టల ఏరి పెట్టిండు. ఒక్కొక్క కాయకు గుండుసూదితో పొడిచినట్టు సన్న బొక్క, వేలు పెట్టి ఒత్తితే అందులకెళ్లి రసం ఎగజిమ్ముతుంది, బొక్క చుట్టూ మెత్తబడి కుళ్ళుడు మొదలైంది. వారం రోజుల సంది రోజుకో తట్ట ఇట్లనే పోతుందట. అమ్మ ఏం మాట్లాడకుండ ఆ తట్ట దిక్కే చూసుకుంట కూసుంది, అది చూస్తె నాకు చాలా బాధ అయింది.

"దొంగను చూపిస్త రా" అని నాయిన నన్ను కంచె దిక్కు ఉన్న చెట్టు దగ్గరికి తీస్కపోయిండు. ఒక ఎండిన కొమ్మ చూపించిండు. నాకు అక్కడ కొమ్మ తప్ప ఏం కనపడలే. ఆ కొమ్మకు ఇంకో చిన్న పుల్ల సగం విరిగి పక్కకు పొడుచుకొచ్చినట్టు ఉంది, అంతే. నాయిన దగ్గరికి పోయి ఉఫ్ అని ఊదితే ఆ పుల్ల కొద్దిగ వణికింది. అప్పుడు చూసిన, అది పుల్ల కాదు, పురుగు తోక. తల కిందికి పెట్టి, కాళ్ళు రెక్కలు అన్నీ కొమ్మకు అతికించుకొని, ఒంటి వెనక భాగం ఒక్కటే పక్కకు లేపి పెట్టింది. బూడిద రంగు, వీపు మీద నూగు, తలంతా కండ్లే. పొడుగు నా చూపుడు వేలుల సగం కంటే కొంచెం ఎక్కువ. చూస్తె తూనీగ లెక్కనే ఉంది, కానీ తూనీగ ఇట్ల కొమ్మకు కరుచుకొని పడుకునుడు నేనెప్పుడూ చూడలే. నా ఫోన్ తోని 14 ఫోటోలు తీసిన. దగ్గర దగ్గర 40 ఏండ్లు తోటల తిరిగిన మనిషి మా నాయిన, ఆయన కూడా ఈ పురుగును ఈ ఏడే చూసుడట. కాయ రాలుడు మొదలైంది, ఇది కనపడింది, అందుకే ఇదే దొంగ అని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని అప్పుడు నాకూ అనిపించలే.

మర్నాడు ఫోటో మా చుట్టాల గ్రూపుల, బత్తాయి రైతుల వాట్సాప్ గ్రూపుల పెట్టిన. గంటల 30 దాక మెసేజ్ లు వచ్చినయ్. సగం మంది తూనీగ అన్నరు, మా అన్న కొడుకు హెలికాప్టర్ అని రాసిండు, ఒకాయన సీతాకోక జాతి అన్నడు, ఇంకొకాయన ఇది కుడితే మనిషికి జ్వరం వస్తది అని వాయిస్ మెసేజ్ పెట్టిండు. ఆ వాయిస్ మెసేజ్ విన్నకాడ్నుంచి అమ్మ కంచె దిక్కు పోవుడే బంద్ చేసింది. ఇట్లాంటి మాటలు తెలువకుండ చెప్పొద్దు అని నాకు గట్టిగ అనిపించింది, వినేటోళ్ళు నిజమనుకుంటరు కదా.

5వ తారీఖు నాయిన ఫోటో పట్టుకొని మందుల షాపుకు పోయిండు. షాపాయన ఫోన్ వంక రెండు సెకండ్లు కూడా చూడలేదట, "రెండు రకాలు కలిపి కొట్టు పెద్దాయనా, ఏదున్నా పోతది" అని 6,400 రూపాయల లెక్క కాగితం మీద రాసి ఇచ్చిండు. దాని మీద ట్రాక్టర్ కిరాయి, కూలి వేరే. నాయిన అదే రోజు కొందామనుకున్నడు, చేతిల అన్ని పైసల్లేక ఆగిండు. రాత్రి నాకు ఫోన్ చేసి అడిగితే "నాయినా, పేరు తెల్సేదాక ఆగు, పేరు తెలువకుండ ఏం మందు కొడ్తం" అన్న. "నీ పేరు తెల్సేలోపు చెట్టు మీద కాయ ఉంటదా?" అన్నడు. నా దగ్గర జవాబు లేకుండె. ఆయన కోపంగ పెట్టేసిండు, నేను నిద్రపోలే. తప్పు చెప్పిన్నా, నా మాట విని ఆయన నష్టపోతే ఎట్ల అని అదే ఆలోచన.

6వ తారీఖు షాపుల గిరాకీ లేని టైంల కూసొని వెతుకుడు మొదలుపెట్టిన. ఫోటో పెడితే పేరు చెప్పే ఆప్ ఒకటి ఉంటది కదా ఫోన్ల, అండ్ల మొదటి ఫోటోకు తూనీగ అని వచ్చింది, రెండో ఫోటోకు ఏదో ఈగ జాతి అని వచ్చింది, మూడో ఫోటోకు కట్టెపుల్ల అని వచ్చింది! ఒకటే పురుగు, ఒకటే కొమ్మ, మూడు పేర్లు. ప్రతిసారి గట్టిగ నమ్మకంతోని చెప్తది, అదే ఇబ్బంది. ఒక్క ఫోటోతోని అడిగి ఊరుకొని ఉంటె తూనీగ అనే నమ్మేదాన్ని. అందుకే మీరు వెతికితే ఒకటే పురుగువి కనీసం మూడు ఫోటోలు వేరే వేరే పెట్టి చూడండి, జవాబులు కలవకపోతే ఏదీ నమ్మకండి.

అదే రోజు ఐనాచురలిస్ట్ అనే దాంట్ల అకౌంట్ తెరిచిన. పైసలేం లేవు, ఫ్రీ. అండ్ల ఫోటో పెడితే ప్రపంచంల ఉన్న పురుగులు తెలిసినోళ్ళు చూసి పేరు పెడతరు, కనీసం ఇద్దరు ఒకటే పేరు అంటెనే అది పక్కా లెక్క కింద వస్తది. తారీఖు, జాగ అడుగుతది. జాగ అనంగనే నాయిన భయపడ్డడు, పోయినేడు మా పక్క తోటల మోటర్ వైరు కోసుకపోయిండ్రు, తోట ఎక్కడుందో అందరికి చూపిస్తవా అన్నడు. దానికి ఒక ఆప్షన్ ఉంది, జాగ దాచిపెట్టు అని పెడితే బయటోళ్ళకు సుమారు 20 కిలోమీటర్ల పెద్ద డబ్బా మాత్రమే కనిపిస్తది, ఖచ్చితమైన చోటు కనపడదు. అది నాయినకు చూపించి ఒప్పిచ్చిన. రెండో రోజు ఎవరో "కీటకం" అని పెట్టి పోయిండ్రు. అంతే. దాని తర్వాత ఎనిమిది రోజులు ఎవ్వరూ చూడలే. వచ్చేటోళ్ళంతా ఊరికనే సాయం చేసేటోళ్ళు, వాళ్ళకు పనులుంటయ్ అని తెల్సు, కానీ రోజుకు ఇరవై సార్లు ఫోన్ తెరిచి చూసుకునేదాన్ని.

7వ తారీఖు మా క్లస్టర్ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారుకు ఫోటో పంపిన, ఆ టైంల సారు పొద్దంతా యూరియా లైన్ల దగ్గరనే ఉన్నడు పాపం, రాత్రి 9 కి "తోటకు వచ్చి చూస్తనమ్మా, రెండు రోజులు ఆగు" అని పెట్టిండు. అంతవరకు ఆగలేక కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కు చేసిన, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాక ఉంటది, తెలుగులనే మాట్లాడ్తరు. ఫోన్ల పురుగును ఎట్ల చూపించాలె? నేను "పుల్ల లెక్క ఉంటది సార్, తూనీగ లెక్క ఉంటది" అని ఏదేదో చెప్తున్న. ఆయన ఓపికగ విని "పురుగు సంగతి పక్కన పెట్టమ్మా, కాయ ఎట్లుంది చెప్పు" అన్నడు. బొక్క, రసం, రాలుడు చెప్పిన. "రాత్రి 8 దాటినంక టార్చి లైటు పట్టుకొని తోటల తిరుగు, కాయ మీద రెక్కల పురుగు వాలి ఉంటది, కండ్లు నిప్పు కణిక లెక్క మెరుస్తయ్" అన్నడు. నేను పురుగు పేరు కోసం అన్ని రోజులు కొట్టుకుంటుంటె, ఆయన పురుగునే చూడకుండ కాయను బట్టి చెప్పిండు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

9వ తారీఖు రాఖీ. తమ్మునికి రాఖీ కట్టనీకి ఊరికి పోయిన, రాత్రి అక్కడనే ఉన్న. పున్నమి, వెన్నెల బాగ ఉంది. ఎనిమిదిన్నరకు నేను, నాయిన, తమ్ముడు మూడు టార్చీలు పట్టుకొని పోయినం. నాలుగో చెట్టు దగ్గరనే దొరికింది. అరచేతిల సగం ఉండే రెక్కల పురుగు, పై రెక్కలు ఎండుటాకు లెక్క, కింద రెక్కలు పసుపు, మీద నల్ల మచ్చ. కాయ మీద కూసొని మూతి లోపలికి దించింది, ఎంత దగ్గరికి పోయినా లేవలే. కండ్లు అన్నట్టే ఎర్రగ మెరుస్తున్నయ్. తమ్ముడు చేతితోని పట్టి కాయ నాయినకు ఇచ్చిండు, బొక్కలకెళ్లి రసం ఆయన మణికట్టు దాక కారింది. నాయిన ఏం అనలే, కాయను చాలాసేపు అట్లనే పట్టుకొని నిలబడ్డడు. ఆ రాత్రి 23 లెక్కపెట్టినం.

రెండు రోజులకు ఏఈవో సారు వచ్చి అదే అన్నడు, పండు రసం పీల్చే రెక్కల పురుగు. దీని పిల్ల పురుగులు బత్తాయి మీద బతకవు, కంచెల మీద పాకే తిప్పతీగ, దూసరితీగ ఆకులు తిని పెరుగుతయ్, పెద్దయినంక రాత్రిపూట వచ్చి కాయల రసం తాగి పొద్దుగాల్నే పోతయ్, అందుకే చెట్టు మీద మందు కొడితే పెద్దగ ఫాయిదా ఉండదు, తీగలు పీకుండ్రి, రాలిన కాయ పారబోయకుండ పాతిపెట్టుండ్రి, మాపటికి పొగ పెట్టుండ్రి అన్నడు. మా కంచె నిండ తిప్పతీగనే. అమ్మ దాన్ని జ్వరానికి కషాయం అని పెంచుకుంటది. ఇంటి దగ్గర గోడకు ఒక్కటి ఉంచి మిగతావన్నీ రెండు రోజులు మనుషులను పెట్టి పీకేపిచ్చినం, కూలి 2,400.

ఇక్కడితోని నా కథ అయిపోయేదే, కానీ నాయిన మనసుల ఇంకోటి మిగిలింది. "రాత్రి దొంగ దొరికింది సరే, మరి ఆ పుల్ల పురుగు ఏంది? అది కూడా దీనితోటిదే అయితే? పగలు అట్ల, రాత్రి ఇట్ల" అన్నడు. కొమ్మ మీద కనపడితే చెప్పు తీస్కొని కొట్టుడు మొదలుపెట్టిండు. రెండు సచ్చినయ్ అని ఆయనే చెప్పిండు.

ఆగస్టు 15 పొద్దున, జెండా పండుగ, షాపు తెరువలే. ఫోన్ల నోటిఫికేషన్ వచ్చింది. ఎవరో ఇంగ్లీషుల రాసిండ్రు, దాని అర్థం ఏందంటే "మీసాలు కనిపించే ఫోటో ఉందా? పొడుగు మీసాలు, చివర గుండు ఉంటె ఇది ఔల్‌ఫ్లై కావచ్చు". ఔల్ అంటె గుడ్లగూబ. నేను మీసాలే చూడలే దానికి. తూనీగకు మీసాలు ఉన్నట్టే కనపడవు, వెంట్రుక ముక్కల లెక్క చిన్నగ ఉంటయ్, దీనికి కూడా అట్లనే అనుకున్న. మళ్ళీ ఫోన్ల అసలు ఫోటో తెరిచి పెద్దగ చేసిన. కొమ్మ బెరడు మీద రెండు సన్న గీతలు కనపడ్డయ్, అవి మొదటి రోజు నుంచి ఉన్నయ్, నేను బెరడు పగుళ్ళు అనుకున్న. ఆ గీతల పొంటి వేలు జరుపుకుంట పోతే చివరికి అగ్గిపుల్ల తలకాయ లెక్క రెండు నల్ల చుక్కలు. మీసాలను కూడా కొమ్మకు అతికించి దాచింది అది! నా ఒళ్ళు జలదరించింది. 12 రోజులు నా జేబుల పెట్టుకొని తిరిగిన జవాబును.

గ్రూపుల పంపిన ఫోటో తీసి చూస్తె అండ్ల ఆ చుక్కలు లేనే లేవు. వాట్సాప్ ల మామూలుగ ఫోటో పంపితే సైజు తగ్గిపోతది, ఇట్లాంటి సన్న వస్తువులు పోతయ్. డాక్యుమెంట్ లాగ పంపితే ఉన్నది ఉన్నట్టు పోతది. షాపుల రోజూ ఆధార్ కాపీలు డాక్యుమెంట్ లాగనే పంపమని గిరాకీలకు నేనే చెప్త, పురుగుకు అది గుర్తు రాలే.

ఫోటోను కోసి మీసాల భాగం పంపిన. జవాబు అదే రోజు వచ్చింది, ఔల్‌ఫ్లై అయ్యేట్టే ఉంది, కానీ ఏ రకమో చెప్పాలంటే పక్కనుంచి కన్ను, తెరిచిన రెక్క కావాలె అన్నరు. ఫోన్ కు తగిలించే మాక్రో లెన్స్ 349 రూపాయలకు తెప్పిచ్చిన, రెండు రోజుల్ల వచ్చింది. 17వ తారీఖు ఆదివారం పోయినం, వానలు, బురద, ఒక్కటి దొరకలే, పోను రాను పెట్రోల్ 200 పోయింది. నాయినను చెప్పుతోని కొట్టొద్దని బతిమిలాడి వచ్చిన.

24వ తారీఖు మళ్ళీ పోయిన. పొద్దున 7 నుంచి 10 దాక కంచె పొంటి ఉన్న ప్రతి ఎండు కొమ్మ చూసిన, మెడ పట్టేసింది. చివరికి అమ్మనే చూసింది, "అగో, నీ పుల్ల" అని. లెన్స్ వాడుడు అనుకున్నంత సులువు కాదు, పురుగుకు రెండు మూడు వేళ్ళ దూరంల ఫోన్ పెట్టాలె, చేయి కొంచెం వణికినా మసకనే వస్తది. తమ్ముడు నా మోచేయి కింద బుజం పెట్టి నిలబడ్డడు. ఊపిరి బిగపట్టి తీసిన. ఫోన్ల ఆ కన్ను చూసినప్పుడు మాట రాలే. ఇంత పెద్ద గోధుమరంగు కన్ను, దానికి అడ్డంగ నడుమ ఒక సన్న గీత, ఒక్క కన్నునే పైన ఒక అర కింద ఒక అర లెక్క. మూతి చుట్టూ తెల్ల నూగు. ఒక రూపాయి బిళ్ళ కొమ్మ దగ్గర పట్టి ఇంకోటి తీసిన, సైజు తెలువనీకి. బిళ్ళ తగిలిందో ఏమో లేచిపోయింది, పోయేటప్పుడు రెక్కలు తెరుచుకున్నయ్ కానీ ఆ ఫోటో మసక.

27వ తారీఖు వినాయక చవితి. పూజ అయినంక ఫోన్ చూస్తె ఇద్దరు ఒప్పుకున్నరు, ఔల్‌ఫ్లై పక్కా, కన్ను రెండు అరలుగ ఉండే గుంపుది. ఏం తింటదో కూడా రాసిండ్రు. మాపటికి గాలిల ఎగురుకుంట చిన్న చిన్న ఎగిరే పురుగులను పట్టి తింటది. కాయ జోలికి రాదు, ఆకు జోలికి రాదు. అంటె మన వ్యవసాయంల మిత్ర పురుగు అంటరు కదా, అట్లాంటిది. ఇంకో మాట చదివి నేను నవ్వుకున్న, ఇది గోడ పక్కన మెత్తటి దుబ్బల గరాటు లెక్క గుంత చేసుకొని చీమల కోసం కాసుకునే పురుగు ఉంటది కదా, దానికి చుట్టం. 2019 ల చేసిన ఒక పరిశోధనల రెండిటిని ఒకటే కుటుంబం కింద పెట్టిండ్రు.

ఆ మాపటికే షాపుల కన్ను ఫోటో ఒకటి, మీసాల ఫోటో ఒకటి ఏ4 కలర్ ప్రింట్ తీసి ఊరికి తీస్కపోయిన. ఫోన్ల చిన్న బొమ్మ నాయినకు సరిగ కనపడదు, ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది. అరుగు మీద కూసొని అద్దాలు పెట్టుకొని కాగితాన్ని దూరంగ పట్టి, దగ్గరికి పట్టి చూసిండు. వేలుతోని మీసం మొదటి నుంచి చివర గుండు దాక రాసుకుంట పోయిండు, రెండోది కూడా. దుబ్బల గుంత పురుగు చుట్టం అని చెప్తె "ఓహో, చిన్నప్పుడు చీమను ఏసి ఆడుకునేటోళ్ళం" అని, కొంచెం సేపాగి "రెండు సంపిన గద బిడ్డా" అన్నడు. నేను ఏం అనాలె? "తెలువదు కదా నాయినా" అన్న.

మందు కొట్టలే. తీగలు పీకినంక, పొగ పెట్టినంక కాయ రాలుడు పూర్తిగ ఆగలే గానీ తట్ట నుంచి సగం తట్టకు వచ్చింది. మొత్తం ఖర్చు నాకు లెన్స్, నాలుగు సార్ల పెట్రోల్ కలిపి 1,150 దాక అయింది, కూలి వేరే. ఫోటో తీసేటోళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, పై నుంచి ఒక్కటి తీసి ఊరుకోకండి, పక్కనుంచి, ముఖం ముందు నుంచి తీయండి, మీసాలు చివరి దాక వచ్చినయా లేదా అక్కడనే పెద్దగ చేసి చూసుకోండి, ఇంటికి వచ్చినంక అది దొరకదు.

పూర్తి పేరు ఇంకా రాలే. గుంపు దాకనే వచ్చింది, రెక్క సరిగ్గ కనపడితే తప్ప ముందుకు పోదట. దసరాకు పోయినప్పుడు దొరకలే. అక్టోబర్ 5 న నాయిన ఫోన్ చేసి "కంచె మీద ఎండు పుల్లకు రెండు వరుసలు గుడ్లు పెట్టింది ఏదో, జొన్న గింజలు అతికించినట్టు ఉన్నయ్, నీ పురుగుదేనా?" అన్నడు. ఔల్‌ఫ్లైలు పుల్ల పొంటి వరుసలుగ గుడ్లు పెడతయ్ అని నేను అప్పటికే చదివిన, కానీ చూడకుండ అవునని చెప్పలే. తమ్ముడు తీసిన ఫోటో డాక్యుమెంట్ లాగ పంపిండు, దాన్ని కూడా పెట్టిన, జవాబు కోసం చూస్తున్న. కంప కొట్టేటోళ్ళు వస్తె ఆ పుల్ల కొట్టొద్దని నాయిన దానికి ఎర్ర గుడ్డ ముక్క కట్టిండట.